రూపాయి సభ, అణాల సంగం



సంఘం అనే మాట భవాని పేట్‌లో ఉండే మీకు కొత్త కాదు. కులసంఘం ఉంది, బీడీ కార్మికుల సంఘం ఉంది, మగ్గం కార్మికుల సంఘం ఉంది, సహకార సంఘం ఉంది. ఏ గల్లీలో చూసినా ఏదో ఒక సంఘం బోర్డు కనిపిస్తుంది. అయితే మీ తాతముత్తాతలు విడిచి వచ్చిన పల్లెల్లో, నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ జిల్లాల్లో, ఒక కాలంలో సంఘం అంటే ఒక్కటే సంఘం. దాన్ని వాళ్లు ఒత్తు తీసేసి "సంగం" అన్నారు. ఆ సంగం అసలు పేరు ఆంధ్ర మహాసభ.

నిజాము మీదా, దొరల మీదా ఆ సంగం చేసిన పోరాటం గురించి మీరు చాలా విని ఉంటారు. కథలుగా, పాటలుగా, బుర్రకథలుగా కూడా విని ఉంటారు. ఈ ప్రసంగంలో నేను చెప్పబోయేది ఆ పోరాటం గురించి కాదు. ఆ సంస్థ లోపల, తమలో తాము పడ్డ పేచీ గురించి. ఎవరు సభ్యుడు, ఎవరు కాడు, ఎవరి మాట చెల్లాలి, ఓడినవాడు ఏం చేయాలి అన్న పేచీ. ఇంటిగుట్టు కాబట్టి ఇటువంటి విషయాలు వేదికల మీద అంతగా చెప్పుకోరు. కాని ఒక ఉద్యమం ఎటు పోయిందో తెలుసుకోవాలంటే దాని జెండా కంటే దాని సభ్యత్వ రశీదు పుస్తకం ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ముందు కాలం, చోటు గుర్తు చేసుకుందాం. షోలాపూర్ బొంబాయి రాజధానిలో ఉండేది. అంటే ఇంగ్లీషువాళ్ల పాలన. ఇక్కడి నుంచి తూర్పుగా నల్‌దుర్గ్ వైపు కొన్ని కోసులు పోతే నిజాం రాజ్యం. ఈ సరిహద్దు దాటి తెలంగాణ నేతవారు పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇటు వస్తూనే ఉన్నారు. ఇక్కడ గిరణులు ఉన్నాయి, మగ్గాలు ఉన్నాయి, చేసిన పనికి చేతిలో డబ్బు పడుతుంది. అక్కడ వెట్టి ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, గీతపనివాడు, అందరూ దొరకు ఊరికే పని చేయాలి. దొర ఇంటి పనివాళ్లకు బట్టలు నేసి ఇవ్వడం నేతవారి వంతు. సాంచె ఎక్కిన గుడ్డకు వెల అడగలేని ఊళ్ల నుంచి వెల దొరికే ఊరికి మనుషులు రావడంలో వింతేముంది?

ఇక్కడ పాలకుడు పరాయివాడే అయినా సభ పెట్టుకోవడం, పత్రిక నడపడం కొంతవరకు సాధ్యమయ్యేది. 1930 మే నెలలో షోలాపూర్ జనం లేచి నిలబడినప్పుడు సైనిక శాసనం విధించి, 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ షిండే అనే నలుగురిని ఉరితీశారు. అది మీకు నేను చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యంలోనైతే అంతదాకా పోనక్కర్లేదు, సభ పెట్టుకోవడానికే అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు. ముందుగా సర్కారు అనుమతి లేనిదే బహిరంగ సభ జరగకూడదు. రాజకీయం మాట్లాడకూడదు. ఆ గస్తీ నీడలోనే ఆంధ్ర మహాసభ పెరిగింది.

దాని పుట్టుక మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన మీకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ్ కర్వే గారు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు గారనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోయారు. సభలో కొందరు గేలి చేశారు, అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. అక్కడున్న తెలుగువాళ్లకు మనసు కష్టమైంది. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో పట్టుమని పన్నెండు మంది కూడా లేరు, కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు, మందుముల నరసింగరావు గారు ఆ తరం వాళ్లు. దీన్ని మరాఠీ మీద కోపంగా చూడకండి. హైదరాబాదు రాజ్యంలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ, అయినా తమ భాషలో నోరు విప్పే చోటు వాళ్లకు లేదు. బాధ అది. తరువాతి రోజుల్లో మరాఠ్వాడాలో మహారాష్ట్ర పరిషత్తు, కన్నడ జిల్లాల్లో కర్ణాటక పరిషత్తు ఇలాంటి అవసరం మీదే పుట్టాయి.

జనసంఘం మొదట చేసినవి గ్రంథాలయాలు, పాఠశాలలు, చిన్న వ్యాపారుల కష్టాల గురించి అర్జీలు. మాడపాటి గారిది అర్జీల మార్గం. దాన్ని ఇప్పుడు తేలికగా తీసేయడం సులభం. కాని గస్తీ 53 ఉన్న రాజ్యంలో ఒక తెలుగు గ్రంథాలయం పెట్టడమే సర్కారుకు అనుమానంగా కనిపించేదని మరచిపోకూడదు.

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు, గోలకొండ పత్రిక సంపాదకులు. పేచీ మొదటి సభలోనే మొదలైంది. అస్పృశ్యత, బాల్యవివాహం, వితంతు వివాహం అన్న మాటలు రాగానే సనాతనులు అభ్యంతరం చెప్పారు. ఆది హిందూ ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డివర్మ గారు ఆ సభకు రావడం వాళ్లకు మింగుడు పడలేదు. తెలుగువాడికి నోరు లేదని పుట్టిన సంస్థలో, తెలుగువాడే అయిన ఒకడు నోరు విప్పితే కొందరికి కష్టమైంది! ఆ వివాదం వచ్చినా సభ ఆగలేదు, తీర్మానాలు సాగాయి. మహాసభతోపాటే స్త్రీల సభ కూడా విడిగా జరిగింది. నడింపల్లి సుందరమ్మ గారు దానికి అధ్యక్షురాలు.

అక్కడి నుంచి వరుసగా సభలు. 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగర్, 1937లో నిజామాబాదు. సిరిసిల్ల అంటే మీలో చాలామందికి చుట్టరికాలు ఉన్న ఊరు, మగ్గాల ఊరు. అక్కడి సభకు మాడపాటి గారే అధ్యక్షులు. కాని సభ మగ్గాల ఊళ్లో జరిగితే మగ్గం మీది మనిషి సభ్యుడైనట్టు కాదు. సభ్యత్వ రుసుము రూపాయి. ఆ రోజుల్లో కూలివాడికి రూపాయి అంటే కొన్ని రోజుల కష్టం. కాబట్టి సభలో కూర్చున్నవాళ్లు ఎక్కువగా వకీళ్లు, చదువుకున్న భూస్వాములు, వర్తకులు, ఉపాధ్యాయులు. ఎవరూ రావద్దని బోర్డు పెట్టలేదు. రుసుమే ఆ పని చేసింది.

ఇంకొక తలుపు భాష. ఒకప్పుడు తెలుగుకు జరిగిన అవమానం వల్ల పుట్టిన సభ కాబట్టి, సభలో తెలుగు తప్ప మరో భాష మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నారు. కారణం అర్థమవుతుంది. కాని పదేళ్లు గడిచేసరికి అదే నియమం ఇబ్బంది అయింది. తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఉన్న ముస్లిం రైతు, ఉర్దూ చదువుకున్న తెలుగు యువకుడు, సరిహద్దు తాలూకాల మరాఠీ వాడు, వీళ్లంతా పరాయివాళ్లేనా? 1937లో నిజామాబాదులో, మందుముల నరసింగరావు గారి అధ్యక్షతన, చాలా వాదన తరువాత ఆ నియమాన్ని సడలించారు. యువకుల ఒత్తిడి దీని వెనుక ఉంది. గాయం మాని, తలుపు తెరిచిన సందర్భం అది. ఇందుకోసం ఎవరూ సంస్థను చీల్చనక్కర్లేకపోయింది.

ఆ యువకుల్లో ఇద్దరి పేర్లు గుర్తుంచుకోండి. భువనగిరి తాలూకా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు, కరీంనగర్ జిల్లా నుంచి బద్దం ఎల్లారెడ్డి గారు. ఇద్దరూ కలిగిన కుటుంబాల వాళ్లే. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే సర్కారు నిషేధించింది. సత్యాగ్రహం జరిగింది, నారాయణరెడ్డి గారు జైలుకు పోయారు. కాంగ్రెసు మీద నిషేధం 1946 దాకా తొలగలేదు. దాంతో రాజకీయం చేయదలచిన ప్రతి తెలుగువాడికీ మహాసభ ఒక్కటే గొడుగైంది. గాంధేయులు, మితవాదులు, కొత్తగా కమ్యూనిస్టులవుతున్న యువకులు, అందరూ దాని కిందే నిలబడ్డారు. ఒక గొడుగు కింద అందరూ తడవకుండా ఉండాలంటే ఒకరినొకరు నెట్టుకోక తప్పదు కదా.

1939లో నిజాం ప్రభుత్వం రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించింది. అయ్యంగారు కమిటీ సంస్కరణలు అంటారు. శాసనసభ పెడతామన్నారు, కాని అది ప్రభుత్వానికి జవాబు చెప్పమనే సభ కాదు. తీసుకోవాలా, తిరస్కరించాలా? దొరికినంత తీసుకుని ముందుకు పోదామన్నారు మితవాదులు. ఇది మోసం, ముట్టుకోవద్దన్నారు యువకులు. 1940 మల్కాపురం సభలో ఈ వాదం వేడెక్కింది. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి గారిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. సభ రంగు మారింది. రైతు, కౌలు, వెట్టి అన్న మాటలు తీర్మానాల చివర నుంచి మొదటికి వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం మీద కొంచెం ఆగుతాను. చిలుకూరు తరువాత 1942లో ధర్మవరం సభ జరిగింది, 1943లో హైదరాబాదులో పదో సభ. ఆ పదో సభ అధ్యక్ష పదవికి పోటీ పడ్డది కొండా వెంకట రంగారెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు. రంగారెడ్డి గారు గెలిచారు. ఎల్లారెడ్డి గారి వర్గం ఓడిపోయింది. ఓడినవాళ్లు ఏం చేశారు? వేరే కుంపటి పెట్టుకోలేదు. ఊళ్లకు పోయి సభ్యులను చేర్చారు, మరుసటి సంవత్సరం తిరిగి వచ్చారు. నా దృష్టిలో మహాసభ చరిత్రలో మంచి ఘట్టాల్లో ఇదొకటి. ఎవరూ పెద్దగా చెప్పుకోనిది కూడా ఇదే.

1944లో పదకొండో సభ భువనగిరిలో. అప్పటికి బయటి ప్రపంచపు గాలి కూడా తగిలింది. యుద్ధం నడుస్తోంది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కాంగ్రెసు నాయకులంతా జైళ్లలో ఉంటే, కమ్యూనిస్టులు దాన్ని ప్రజాయుద్ధమని సమర్థించారు. ఈ కోపం మితవాదుల్లో, జాతీయవాదుల్లో బలంగా ఉంది. సంస్థ కమ్యూనిస్టుల చేతిలోకి పోతోందన్నది వాళ్ల అభ్యంతరం. అది ఉత్త భయం కాదు, నిజమే. పెద్దలు భువనగిరికి దూరంగా ఉండిపోయారు. రావి నారాయణరెడ్డి గారు మళ్లీ అధ్యక్షుడయ్యారు. వెట్టి రద్దు, కౌలుదార్ల బేదఖళ్లు, లెవీ ధాన్యం, భూమి పన్ను, ఇవి తీర్మానాలు. వీటన్నిటితోపాటు మరొక చిన్న నిర్ణయం. సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి అణాల్లోకి దించారు.

ఆ చిన్న నిర్ణయం చేసిన పని చూడండి. అణాలు పెట్టి రశీదు తీసుకున్నవాడు మొట్టమొదటిసారి ఒక కాగితం మీద తన పేరు చూసుకున్నాడు. అంతకుముందు కాగితం మీద అతని పేరు కనిపించింది దొర లెక్కల్లో, అప్పు పత్రంలో. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ సంగంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖు ఆమె కౌలు పొలం పంట మీదికి మనుషులను పంపితే సంగం ఆమె వెంట నిలిచింది. రూపాయి సభలో ఆమెకు చోటు ఉండేదా? మర్యాదగా చెప్పాలంటే, ఎవరూ ఆమెను అడిగి ఉండేవాళ్లు కాదు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య నేలకొరిగే నాటికి సంగం లేని ఊరు ఆ ప్రాంతంలో అరుదైపోయింది.

అయితే భువనగిరిలో పోయింది కూడా ఉంది. బయట నిలిచిన పెద్దలు తమదే అసలైన మహాసభ అన్నారు. మడికొండలో, 1946లో కందిలో వేరుగా సభలు జరుపుకున్నారు. కంది సభకు జమలాపురం కేశవరావు గారు అధ్యక్షులు. తరువాత ఆ వర్గం స్టేట్ కాంగ్రెసులో కలిసిపోయింది. 1943లో ఎల్లారెడ్డి గారి వర్గం ఓడి కూడా సభలో ఉండిపోయింది. 1944లో పెద్దలు ఓడిపోతామని తెలిసి రాకుండా ఉండిపోయారు. ఈ రెంటికీ చాలా తేడా ఉందని నేననుకుంటాను. అలాగని గెలిచినవాళ్లది మాత్రం తప్పు లేదా? ఎదురు చెప్పేవాడు ఇంట్లో లేకపోతే గెలిచినవాడికి తన మాటే అందరి మాటగా వినిపిస్తుంది. 1944 తరువాత ఊళ్లో సంగమన్నా పార్టీ అన్నా ఒకటే అయిపోయింది. దాని ఫలితం నాలుగేళ్ల తరువాత కనిపించింది.

1946 చివర కమ్యూనిస్టు పార్టీని నిజాం ప్రభుత్వం నిషేధించింది. రజాకార్ల దౌర్జన్యం పెరిగింది. 1947 సెప్టెంబరులో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్లు సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఆ రోజుల్లో స్టేట్ కాంగ్రెసు వాళ్ల సరిహద్దు శిబిరాలు ఈ షోలాపూర్ వైపు కూడా నడిచాయి. రజాకార్లకు భయపడి సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు ఎన్నో. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరి మీద తుపాకీ పట్టారో ఆ నిజాం లొంగిపోయాడు. తుపాకీ దించాలా, వద్దా? దించాలన్నారు రావి నారాయణరెడ్డి గారు. జనం సైన్యాన్ని రజాకార్ల నుంచి విడిపించినవాళ్లుగా చూస్తున్నారు, దానితో యుద్ధం చేస్తే మిగిలేది చావులే అని ఆయన వాదం. దించకూడదన్నది విశాలాంధ్ర పార్టీ నాయకత్వం. సైన్యం వెనకే దొరలు తిరిగి వస్తున్నారు, పంచిన భూములు లాక్కుంటున్నారు, తుపాకీ దించితే రైతును ఒంటరిగా వదిలినట్టేనని వాళ్ల వాదం. రెండు వాదాల్లోనూ బలం ఉంది. దొరలు తిరిగి రావడం నిజం, చావులూ నిజం. పోరాటం మొత్తంలో నాలుగు వేల మంది చనిపోయారని పార్టీ లెక్క.

కాని ఈ నిర్ణయం ఎక్కడ జరిగింది? జోగిపేటలాంటి, చిలుకూరులాంటి పందిరి కింద కాదు. నాయకులు అజ్ఞాతంలో ఉన్నారు, జైళ్లలో ఉన్నారు. 1948 మొదట్లో కలకత్తాలో జరిగిన మహాసభలో పార్టీ రణదివే గారి మార్గం పట్టింది. ఆయన తరువాత 1950లో ఆంధ్ర నాయకుడు చండ్ర రాజేశ్వరరావు గారు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951లో అజయ్ ఘోష్ గారు. మూడేళ్లలో ముగ్గురు కార్యదర్శులు, మూడు మార్గాలు. రావి నారాయణరెడ్డి గారు తన వాదాన్ని "తెలంగాణ నగ్నసత్యాలు" పేరుతో రాసుకోవలసి వచ్చింది. సభలో లేచి చెప్పవలసిన మాట రహస్య పత్రంగా తిరిగింది. పార్టీలో ఆయన మీద పిరికివాడన్న, ద్రోహి అన్న మాటలు పడ్డాయి. చివరికి 1951లో డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, బసవపున్నయ్య గార్లు మాస్కో దాకా వెళ్లి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. కడవెండి రైతు భవిష్యత్తు గురించి మాస్కోలో సలహా అడిగారు, కడవెండిలో మాత్రం సభ జరగలేదు. జరిపే వీలు లేదు, నిజమే. ఊళ్లలో సైనిక శిబిరాలు ఉన్నాయి. కాని వీలు లేకపోవడం అలవాటుగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

ఇటువంటి చిక్కు మన ఒక్కరికే రాలేదు. పాలస్తీనా పేరు మీరు వార్తల్లో వింటూనే ఉంటారు. అక్కడి ఫతా అనే ఉద్యమం యాసర్ అరాఫత్ గారి నాయకత్వంలో పెరిగింది. దేశం చేతిలో లేదు, నాయకులు ప్రవాసంలో, సభ్యులు పది దేశాల్లో చెల్లాచెదురై ఉన్నారు. ఆ సంస్థ ఐదో మహాసభ 1989లో ట్యునీషియాలో జరిగింది. ఆరో మహాసభ ఎప్పుడో తెలుసా? 2009 ఆగస్టులో, బెత్లెహేములో. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో ఓస్లో ఒప్పందం జరిగింది, స్వయంపాలన వచ్చింది, 2004లో అరాఫత్ గారు పోయారు. 1987 తిరుగుబాటులో రాళ్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చిన కుర్రవాళ్లు నడివయస్సు వాళ్లయ్యారు. కాని కేంద్ర సంఘంలో పాతవాళ్లే. సభ్యుడు అడగడానికి ఒక సభ లేదు.

దాని ఫలితం 2006 జనవరి ఎన్నికల్లో బయటపడింది. అభ్యర్థులను సభ్యుల ఓటుతో ఎంపిక చేద్దామని మొదలుపెట్టారు. కొన్నిచోట్ల తుపాకులు పట్టుకున్నవాళ్లు వచ్చి ఓటింగు చెడగొట్టారు. యువతరం నాయకుడు, ఇజ్రాయెల్ జైల్లో ఉన్న మర్వాన్ బర్గూతి వర్గం ఒక దశలో వేరే జాబితా దాఖలు చేసి, చివరికి కలిసింది. టికెట్టు దొరకని ఫతా వాళ్లు స్వతంత్రులుగా నిలబడి సొంత ఓట్లే చీల్చుకున్నారు. 132 స్థానాల్లో హమాస్‌కు 74, ఫతాకు 45 వచ్చాయి. మరుసటి సంవత్సరం గాజా పూర్తిగా చేయి దాటింది. ఆ దెబ్బ తిన్న తరువాతే బెత్లెహేము సభ. రెండు వేలకు పైగా ప్రతినిధులు. గాజా ప్రతినిధులను హమాస్ బయటికి రానివ్వలేదు. అయినా ఓటు జరిగింది, కేంద్ర సంఘంలో ఎక్కువమంది కొత్తవాళ్లు వచ్చారు, జైల్లో ఉన్న బర్గూతి గెలిచారు. ప్రతినిధులను ఎవరు ఎలా ఎంచారన్న ఆరోపణలు ఆ సభలోనే వినిపించాయి. ఆ తరువాత జాతీయ స్థాయిలో మళ్లీ ఓటు వేసే అవకాశం పాలస్తీనా ప్రజలకు చాలా కాలం రాలేదు. 2021 మే నెలలో జరగవలసిన ఎన్నికలను అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ గారు ఏప్రిల్‌లో వాయిదా వేశారు. తూర్పు జెరూసలేంలో ఓటింగుకు ఇజ్రాయెల్ అనుమతి ఇవ్వకపోవడం కారణంగా చూపారు. ఫతా లోపల మళ్లీ జాబితాలు చీలిపోవడం కూడా కారణమేనని విమర్శకులు అన్నారు. సభ జరపకపోవడానికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది. మన గస్తీ 53 కూడా అలాంటి మంచి కారణమే, కాని ఆ కారణం ఉండగానే మహాసభ పదహారేళ్లలో పదమూడు సార్లు కూడింది. అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగి, షరతులకు ఒప్పుకుని, ఊరు మార్చి ఊరు, పందిరి వేసి కూడింది.

మన కథకు వస్తాను. 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. అంటే 1948లో రావి నారాయణరెడ్డి గారు చెప్పిన మాట దగ్గరికే మూడేళ్ల తరువాత చేరింది. మధ్యలో పోయిన ప్రాణాల లెక్క ఎవరు చెప్పాలి? ఆ మూడేళ్ల పోరాటం వల్లే రైతు చేతిలో కొంత భూమి నిలిచిందని సుందరయ్య గారి వంటి వాళ్లు చివరిదాకా నమ్మారు. 1972లో వచ్చిన ఆయన తెలంగాణ పోరాట చరిత్రలో ఆ వాదం ఉంది. నారాయణరెడ్డి గారి జ్ఞాపకాల్లో దానికి ఎదురు వాదం ఉంది. వీలైతే రెండూ చదవండి. ఒకే ఊళ్లు, ఒకే మనుషులు, కాని కథ వేరు. 1964లో పార్టీ రెండుగా చీలినప్పుడు ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు.

విరమణ తరువాత మొదటి సాధారణ ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఇంకా తొలగలేదు కాబట్టి వాళ్లు ప్రజాస్వామిక ఫ్రంటు పేరుతో పోటీ చేశారు. ఈసారి రుసుము అణా కూడా లేదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతివాళ్లకూ ఓటు. పార్టీ నాయకులు మూడేళ్లు రహస్య పత్రాల్లో వాదించుకున్న విషయం మీద నల్లగొండ జనానికి మొదటిసారి మాట చెప్పే అవకాశం వచ్చింది. రావి నారాయణరెడ్డి గారికి మూడు లక్షలకు పైగా ఓట్లు వేశారు. దేశంలో ఎవరికీ అన్ని రాలేదు, నెహ్రూ గారికి కూడా. నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉండేవి. నెహ్రూ గారిదీ అటువంటిదే కాబట్టి పోలిక చెల్లుతుంది.

శాసనసభలో కాంగ్రెసుకు ఆధిక్యం వచ్చింది, ఫ్రంటుకు 42 స్థానాలు. బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. భువనగిరిలో విడిపోయిన ఆంధ్ర మహాసభ రెండు సగాలూ ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ ఒకే కప్పు కింద కూర్చున్నాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. బూర్గుల వారు 1921లో తెలుగుకు జరిగిన అవమానంతో జనసంఘం పెట్టుకున్న వాళ్లలో ఒకరని ఇంతకుముందు చెప్పాను. ఆయనకు ఎదురుగా ప్రతిపక్ష నాయకుడి స్థానంలో కూర్చున్నది వి. డి. దేశ్‌పాండే గారు. మరాఠీ ఆయన. వరంగల్లు జిల్లా ఇప్పగూడెం తెలుగు రైతులు ఓట్లు వేసి ఆయనను అక్కడికి పంపారు.